కర్రీ పాయింటు కొమురెల్లి కౌంటు

ఫోను మోగేసరికి కొమురెల్లి కుడిచేతిలో పప్పుచారు గరిటె ఉంది, ఎడమచేతిలో కవరు ఉంది, పళ్ల మధ్య దారం ఉంది. అందుకని ఫోనెత్తే బాధ్యత ముక్కు మీద పడింది. కౌంటరు మీదికి వంగి ముక్కుతో ఒకచోట నొక్కబోతే అది ఇంకోచోట నొక్కుకుంది. స్పీకరు విచ్చుకుంది.

"సార్, కరీంనగర్ ల్యాబ్ నుంచి నవతను. మీ సెమెన్ రిపోర్ట్ వచ్చింది. కౌంట్ బాగ తక్కువున్నది. కదలిక గూడ తక్కువనే ఉన్నది. జల్ది డాక్టరమ్మను కలవున్రి."

మధ్యాహ్నం పన్నెండున్నర. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో 'అనసూర్య కర్రీ పాయింట్' ముందు గని క్వార్టర్ల జనం వరుస కట్టి ఉన్నారు. ఆ పేరుగల అనసూర్య, అంటే కొమురెల్లి తల్లి, వెనక పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. ఉల్లిఘాటుకు కళ్లు మూసుకున్నా చెవులు తెరిచే ఉంచుతుందామె.

"ఏందిరా, సిమెంటు రిపోర్టా?" అంటూ కత్తిపీట మీంచి లేచింది. దుకాణం పైన అర్ర కడుతున్నారు. సిమెంటు బస్తాలు ఎదురు దుకాణం సాదిక్ దగ్గర తెచ్చినవే. "కౌంటు తక్కువనా? ఇరువై బస్తాలని చెప్పి ఎన్నేసిండురా గా సాదిక్? కదలిక తక్కువనుడేందే? సిమెంటు కదులుతదా? కదిలితె ఇల్లు నిలుస్తదా?"

కొమురెల్లి నోరు తెరిచేలోపు ఆమె రోడ్డు దాటేసింది. సాదిక్ పాపం నమాజు ముగించుకుని అప్పుడే గల్లా ముందు కూర్చున్నాడు.

"అవ్వా, జర ఆగు! నా సిమెంటుకు రిపోర్టు రాసినోడు ఎవడు? పేరు చెప్పు."

"కరీంనగర్ల రాసిన్రు! నీ సిమెంటుకు దమ్ము లేదట, కదలిక లేదట!"

"కదలొద్దనే గద అవ్వా సిమెంటు ఏసేది!" అని సాదిక్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. రోడ్డుకు ఇటు నిలబడ్డవాళ్లు అటు చూస్తున్నారు. పప్పుచారు కోసం వచ్చిన వాళ్లకు పంచాయితీ ఉచితంగా దొరికింది.

అప్పడాలు వేయిస్తున్న కోడలు శ్యామల పొయ్యి ఆపి పరుగెత్తింది. అత్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. "అత్తమ్మా, సిమెంటు కాదు. దవాఖాన రిపోర్టు. పిల్లల కోసమని మేము కరీంనగర్ పోయొచ్చినం గదా, గది."

అనసూర్య ఆగింది. మంట ఆరలేదు, వేరే పొయ్యి కిందికి మారింది. "దవాఖానదా? ఎవలది?"

ఆ ప్రశ్న దుకాణం మధ్యలో నిలబడిపోయింది. వరుసలో పది మంది, అంటే ఇరవై చెవులు. శ్యామల మొగుడి వైపు చూసింది. మొగుడి పళ్ల మధ్య దారం ఉంది. దాన్ని బయటికి లాగడానికి అరక్షణం చాలు. కొమురెల్లి లాగలేదు. కవరు మెడ నాలుగు చుట్లు తిప్పి, దారం చుట్టి, పంటితో తెంపి, ఇంకో కవరు అందుకున్నాడు. ఆ పూట ఆయన పరువుకు దారమే ఆధారం.

"ఇంకెవలదుంటది," అంది అనసూర్య. తనే అడిగి తనే చెప్పుకోవడం ఆమెకు అలవాటు. "ఎనిమిదేండ్లాయె. నేను అనుకుంటనే ఉన్న." కోడలిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, పోయి కత్తిపీట మీద కూర్చుంది.

శ్యామల మొగుడిని ఇంకోసారి చూసింది. తర్వాత పొయ్యి వెలిగించింది.

*

సోమవారం మొగుడూ పెళ్లామూ కరీంనగర్ పోయారు. డాక్టర్ సృజన రిపోర్టు చూసి, కొమురెల్లిని చూసి, మళ్లీ రిపోర్టు చూసింది. ఒక మిల్లీలీటరులో కోటిన్నరకు పైగా ఉండాల్సిన కణాలు నలభై లక్షలే ఉన్నాయట. లక్షల్లో ఉండి కూడా బీదవాడైన మనిషి ఆ జిల్లాలో తనొక్కడే అనిపించింది కొమురెల్లికి.

"ఏం పని చేస్తరు?"

"కర్రీ పాయింటు మేడం."

"పొయ్యి దగ్గర ఎన్ని గంటలుంటరు?"

"తొమ్మిది, పది."

ఆమె రాసుకుంది. "కూరలు వేడివేడిగనే కవర్లల్ల కడ్తరా?"

"సల్లగైతే ఎవలు కొంటరు మేడం? పొగలు రావాలె."

"మీరేం తింటరు?"

"మిగిలిన పొట్లాలు."

"ఎన్నేండ్ల నుంచి?"

"పన్నెండు." ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంది. పది నిమిషాల్లో ఎనభై పొట్లాలు కట్టగల చెయ్యి మంచిర్యాలలో అదొక్కటే.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "పలుచటి కవర్ల మరిగే చారు పోస్తే కంటికి కనపడని ముక్కలు రాలి అండ్ల కలుస్తయి. గవి మనుషుల రక్తంల దొరికినయి. వృషణాలల్ల దొరికినయి, వీర్యంల గూడ దొరికినయి. ఎలుకలకు తాపి చూసిన్రు. కౌంటు పడిపోయింది, కణాల ఆకారం చెడిపోయింది. మనుషులకు ఎంత చేస్తయో ఇంకా పూర్తిగ తేలలే. మీ కౌంటు గందుకే పడ్డదని నేను రాసియ్యలేను, పొయ్యి సెగ గూడ ఒక కారణమైతది. కాని రెండింటికి దూరముంటే పోయేదేం లేదు గదా."

"మరి మందు?"

"పసుపుల ఉండే సారం, టమాటల ఎర్రదనం, ఉసిరిల, ఉల్లిగడ్డల ఉండేటివి... ఇసొంటివి ఎలుకలకు ఇచ్చి చూస్తే కొంత తట్టుకున్నయి. అయితే అవి ఎలుకలు, మీరు మనిషి. ఇవన్నీ కూరల్ల తినున్రి, మంచిదే. మందని చెప్పి ఎవలేదిచ్చినా నన్నడగకుండ మాత్రం తాగొద్దు. కొత్త కణాలు తయారుగావాలంటే రెండున్నర నెలలు పడ్తది. మూడు నెలలకు మళ్ళ రాన్రి."

కొమురెల్లి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. పసుపు, టమాట, ఉల్లిగడ్డ, ఉసిరికాయ తొక్కు. ఇవి తను పొద్దున లేస్తే పొయ్యి మీద ఎక్కించేవే. రక్షించేది వంట గంజులో ఉడుకుతుంటే, దాన్ని తీసుకెళ్లి భక్షించేదాంట్లో పోస్తున్నాడు. రసం అని బోర్డు పెట్టి రసాయనం అమ్ముతున్నాడు. తను అమ్మింది చాలక మిగిలింది తనే తిన్నాడు.

తిరుగు బస్సు పెద్దపల్లి బస్టాండులో ఆగింది. కిటికీ కింద ఒకతను చాయ్ పార్సిల్ తీసుకుంటున్నాడు. పలుచటి కవరులో పొగలు కక్కే చాయ్. కవరు చెమట పట్టి, మెత్తబడి, పాలు పిండని మేక పొదుగులా వేలాడుతోంది. అతను దాని మూల కొరికి, నోట పెట్టుకుని జుర్రాడు. కొమురెల్లి చూడలేకపోయాడు. మొహం ఇటు తిప్పుకుంటే పక్కన శ్యామల.

"అత్తమ్మకు ఎప్పుడు చెప్తవు?"

"చెప్త."

"ఎప్పుడు?"

"మంచి టైం జూసి."

"నీకు టైం కౌంటు గూడ తక్కువనే ఉన్నది." ఆమె నవ్వలేదు. "నేను చెప్తే మొగున్ని బద్నాం చేసిందంటరు. నువ్వే చెప్పాలె. ఆదివారం దాక చూస్త. లేకుంటె చొప్పదండికి పోత. ఈసారి మా అవ్వను చూసొచ్చెటందుకు కాదు."

గోదావరి బ్రిడ్జి దాటేదాకా ఆయన బస్సు టికెట్టును పొట్లంలా చుడుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా.

*

మంగళవారం నుంచి కొమురెల్లికి తన చేతులు చేసే పని కనిపించడం మొదలైంది. పన్నెండేళ్లుగా చేతులు చేస్తుంటే కళ్లు గిరాకీని చూసేవి. ఇప్పుడు కళ్లు చేతుల మీద పడ్డాయి.

కవర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. బొటనవేలు నాలుకకు తడుముకుని, కవరు మూతి నలిపి, ఉఫ్ అని ఊదితే విచ్చుకుంటుంది. అంటే ప్రతి పొట్లంలోకీ ముందు ఆయన ఎంగిలి, తర్వాత ఆయన ఊపిరి, ఆ పిమ్మటే పప్పు. క్వార్టర్లలో సగం ఇళ్లు ఆయన ఊపిరితోనే ప్రాణం నిలుపుకుంటున్నాయన్నమాట! మరిగే చారు పడగానే కవరు కిర్రుమంటుంది. పొట్ట జారి ఎనిమిదో నెల పడుతుంది. తనకు రాని కడుపు తన పొట్లాలకు రోజుకు నాలుగు వందల సార్లు వస్తోంది. ఇస్త్రీపెట్టెకు రెయిన్‌కోటు అంటుకున్నప్పటి వాసన ఒకటి పైకొస్తుంది. ఆ వాసననే ఇన్నాళ్లూ ఆయన పోపు వాసనలో కలిపి పీల్చాడు.

దుకాణం వెనక మురికినీళ్ల మోరీ. దాని పక్కన జనం పారేసిన తన కవర్లే గుట్టగా పడి ఉన్నాయి. లోపల పసుపు మరకలు, నూనె జిడ్డు, మీద ఈగలు. ఒక బర్రె తాపీగా ఒక కవరు నములుతోంది. దాని వెనక భాగం నుంచి నిన్నటి కవరు సగం బయటికి వచ్చి వేలాడుతోంది. పుంటికూర పప్పు పార్సిల్ ముందునుంచి పోయి వెనకనుంచి పార్సిల్‌గానే వస్తోందే అనుకున్నాడు కొమురెల్లి. వెంటనే ఆ ఆలోచనకు తనే ఓకరించాడు.

సాయంత్రం మిగిలిన పొట్లం విప్పుకుని కంచంలో ఒంపుకున్నాడు. కవరు లోపలి గోడకు ఆరెంజి రంగు పొర. వేలితో గీకితే అది నూనె కాదు, కవరే చీలి వేలికి చుట్టుకుంది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఎన్ని ముద్దలు, ఎన్నేళ్లు! అవన్నీ ఎక్కడెక్కడ దాగున్నాయో ఇప్పుడు ఆయనకు తెలుసు. కూర్చున్నవాడు కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

అయినా బుధవారం కట్టాడు, గురువారం కట్టాడు, శుక్రవారం కట్టాడు. అసహ్యం గొంతుదాకా వచ్చింది గాని కౌంటరు దాకా రాలేదు. తల్లికి చెప్పాల్సిన మాట సంగతీ అంతే. కవర్లు అమ్మేవాడు కదా, విషయాన్ని కవర్ చేయడంలో అందె వేసిన చెయ్యి.

ఎనిమిదేళ్లుగా అడిగినవాళ్లకల్లా తక్కువ కోడలికే అంటూ వచ్చిన అనసూర్య ఈలోపు ఊరుకోలేదు. చారుకొచ్చిన ప్రతివాళ్లకూ కోడలి ముచ్చట తాలింపు వేసి వడ్డిస్తోంది. శనివారం నాడు గంగుబాయిని పిలిపించింది. గంగుబాయిది ఇచ్చోడ. వేళ్లూ బెరళ్లూ మూటకట్టుకుని వారానికోసారి మంచిర్యాల అంగడికొస్తుంది.

"కొడుకును చూపించిన్రా బాయి?" అంది గంగుబాయి మూట విప్పుతూ. "ముందుగాల మొగోన్ని చూడాలె."

"నా కొడుకుకేం రోగం? పొద్దంత బండలెక్క నిలవడి గరిటె తిప్పుతడు!"

"గరిటె తిప్పుడు వేరు బాయి," అని గంగుబాయి ముసిముసిగా నవ్వింది. వేళ్లు తూచి ఇస్తూ గట్టిగా చెప్పింది: "మట్టికుండల కాగాలె, మట్టికుండలనే ఉండాలె. తాపకు గిద్దెడు, దినానికి రెండు తాపలు. ఇంక దేంట్ల పొయ్యొద్దు."

కొమురెల్లి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. అవ్వా, అని పిలిచాడు కూడా. "ఏందిరా?" అంటే, "ఉల్లిగడ్డలు అయిపోయినయి" అన్నాడు.

*

ఆదివారం పొద్దున్నే అనసూర్య కుండ ఎక్కించింది. పదకొండయ్యేసరికి కషాయం కుతకుతలాడుతూ నల్లగా దిగింది. ఆదివారమంటే తలకాయ కూర రోజు, పొయ్యి ఖాళీ కావాలి, కుండ పెట్టడానికి జానెడు జాగా లేదు.

"ఏడు దినాలకు పద్నాలుగు తాపలు," అంది తల్లి. "తాపకొక పొట్లం కట్టురా. ఫ్రిజ్‌ల పెడ్త. గిన్నెలు పెట్ట జాగ లేదండ్ల."

కొమురెల్లి కవర్ల కట్ట అందుకున్నాడు. కాదనాలని తోచనే లేదు. పని అనగానే ఆయన బుర్ర పక్కకు తప్పుకుని చేతులకు దారి ఇస్తుంది. బొటనవేలు నాలుకకు తగిలింది, కవరు ఉఫ్ అంది, మరిగే కషాయం గిద్దెడు పడింది, దారం చుట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... పద్నాలుగు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పైగా ఏదో రాగం కూడా తీశాడు. పద్నాలుగు నల్లటి పొట్లాలు కౌంటరు మీద వరుసగా, చెమటలు కక్కుతూ కూర్చున్నాయి.

అప్పటికి వరుస రోడ్డుదాకా పెరిగింది. గని నుంచి రిటైరైన భూమన్న ముందున్నాడు. నాలుగైదుగురి వెనక, వారం రోజులుగా ఇటు తొంగి చూడని సాదిక్ కూడా తలకాయ కూర వాసనకు కోపం చంపుకుని నిలబడ్డాడు.

అనసూర్య ఒక పొట్లం మూల పంటితో కొరికి, పలుచటి ప్లాస్టిక్ గ్లాసులో ఒంపి కోడలి ముందు పెట్టింది. "తాగు. అందరి ముందట చెప్తున్న, ఈ ఏడు దినాలు తప్పిపోకుండ తాగాలె."

గ్లాసు వేడికి సొట్టపడి ఒక పక్కకు వంగింది. శ్యామల దాన్ని చూడలేదు. మొగుడిని చూసింది. ఇవాళ ఆదివారం అని ఆ చూపులో ఉంది. కొమురెల్లి తలకాయ కూర కలుపుతున్నాడు, అవసరం లేకపోయినా.

శ్యామల గ్లాసెత్తింది. ఆయన మీంచి చూపు తీయకుండానే గుక్క మింగింది. రెండో గుక్కకు ఆగింది. మొహం మారిపోయింది. నోట్లో రెండు వేళ్లు పెట్టి, నాలుక మొదట్నుంచి ఏదో పట్టుకుని లాగింది. అది సాగింది. ఇంకొంచెం లాగితే ఇంకొంచెం సాగింది. పాము విడిచిన కుబుసంలా, పలుచగా, జిగటగా, కషాయం రంగు పట్టిన కవరు ముక్క గొంతులోంచి జానెడు పొడవున బయటికొచ్చింది. ఆమె నోరు మూసుకుని మోరీ దగ్గరికి ఉరికింది. కడుపులో ఉన్నదంతా కక్కింది. పేగులు మెలిపడేలా కక్కింది.

అనసూర్య గొంతు లేచింది. "ఇచ్చోడ నుంచి తెప్పిచ్చిన మందు కక్కుతవా? నీ కడుపుల మందే నిలవకపాయె, ఇంక పిల్లలేం నిలుస్తరే?"

కొమురెల్లి కౌంటరు మీద మిగిలిన పదమూడు పొట్లాలు చూశాడు. అడుగున కవర్లు కరిగి స్టీలు రేకుకు అతుక్కున్నాయి. ఒక్కొక్క ముడీ ఎంత అందంగా ఉంది! అన్నీ తన ముడులే. డాక్టరమ్మ మాట విన్నవాడు తను, గంగుబాయి మాట విన్నవాడు తను, కట్టినవాడు తను. పెళ్లాం గొంతులోంచి వచ్చింది తన చేతిపని.

"అవ్వా, ఆపు!"

కొమురెల్లి అరవడం ఆ దుకాణం ఎప్పుడూ వినలేదు. గరిటె గంజులో పడి మునిగిపోయింది.

"ఆమె కక్కింది మందు కాదు, నేను కట్టిన కవరు. ఆమెకు ఏ మందు అక్కెర లేదు. ఆ రిపోర్టు ఆమెది కాదు. నాది."

"ఏ రిపోర్టురా?"

"నువ్వు సిమెంటనుకున్నవు గదా, గది. సిమెంటు కాదు, సెమెను. నా వీర్యం. అండ్ల కణాలు తక్కువున్నయి. శ్యామలకు అన్ని పరీక్షలు చేసిన్రు, ఏ తక్కువ లేదు. ఉన్న తక్కువంత నాకే ఉన్నది."

వరుసంతా బొమ్మయింది. ముందుగా కదిలింది సాదిక్. "తోబ తోబ," అని చెంపలు వేసుకుని, మెల్లగా అడిగాడు. "అంటె భాయ్... నా సిమెంటు పక్కానే?"

"నీది పక్కా సాదిక్ భాయ్. నాదే కచ్చా."

"అందరి ముందట జర గట్టిగ చెప్పు!"

"సాదిక్ సిమెంటు మంచిది!" అని కొమురెల్లి రోడ్డుకు వినపడేలా అరిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు మొదలయ్యేలోపే ఆయన డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేశాడు. కవరు సంగతి, రాలే ముక్కల సంగతి, అవి పోయి ఎక్కడ కూర్చుంటాయో ఆ సంగతి. ఎలుకల సంగతి కూడా. పసుపు, టమాట ఏదో కొంత కాపాడవచ్చనీ, తను మాత్రం వాటిని తీసుకుపోయి మళ్లీ కవర్లోనే ముంచుతున్నాననీ చెప్పాడు. "పన్నెండేండ్ల నుంచి మీకు గిదే కట్టిన. నేను గిదే తిన్న."

చేతుల్లో పొట్లాలున్నవాళ్లు ఒకసారి వాటికేసి చూసుకున్నారు. భూమన్న తన పొట్లాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"మరి నేను ఇంటికెట్ల కొంటవోవాలెరా?"

"గిన్నె తెచ్చుకో కాకా. రేపటి సంది గిన్నె తెచ్చినోళ్లకే కూర."

"నాకిద్దరు మనుమండ్లు ఉన్నరు. వాళ్లు గూడ నీ పప్పే తింటరు గదరా," అన్నాడు భూమన్న. తిట్టలేదు. గిన్నె కోసమో, ఇంక రావద్దనో, ఇంటికి నడిచిపోయాడు. ఆయన వెనక ఇంకో నలుగురు పోయారు. ఇద్దరైతే నేరుగా రెండు దుకాణాల అవతల ఉన్న ఇంకో కర్రీ పాయింటుకు పోయారు. అక్కడ కవర్లకు కరువు లేదు.

అనసూర్య కత్తిపీట మీద కూలబడింది. ఉల్లిగడ్డ పొట్టు గిల్లుతూ అడిగింది: "గారోజే ఎందుకు చెప్పలేదురా?"

"సిగ్గయింది అవ్వా."

"నీ సిగ్గు సల్లగుండ, ఈ వారం దినాలు దాన్ని నేను ఎన్ని మాటలంటిని!"

ఆమె లేచింది. బిందెలో నీళ్లు ముంచి స్టీలు చెంబుతో మోరీ దగ్గరున్న కోడలికి ఇచ్చింది. శ్యామల పుక్కిలించి ఉమ్మింది. అత్త ముఖంలోకి చూడకుండానే చెంబు తిరిగి ఇచ్చింది. అనసూర్య చెంబు చంకలో పెట్టుకుని అటే రోడ్డు మీదికి పోయి నిలబడింది.

అప్పుడే క్వార్టర్ల నుంచి ముగ్గురు ఆడవాళ్లు గిన్నెలు లేకుండా వస్తున్నారు. "ఏమైంది అనసూర్యా, గింత లొల్లి?"

"నా కోడలు కాదు వదినె, నా కొడుకే!" అంది అనసూర్య, రైలు కూతను మించిన గొంతుతో. "రిపోర్టు వానిది! తక్కువ వానికి! నేను మీ అందరికి తప్పు చెప్పిన. మీరు ఇంకెవలెవలికి చెప్పిన్రో పోయి వాళ్లకు గూడ చెప్పున్రి, నా కొడుక్కే కౌంటు తక్కువ!"

ఆటో ఒకటి ఆగింది. అందులోని నలుగురూ తలలు బయటికి పెట్టారు. అనసూర్య వాళ్లకూ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

కొమురెల్లి చెవులదాకా ఎర్రబడిపోయాడు. "శ్యామలా, అవ్వను జర లోపటికి పిలువరాదు..."

శ్యామల మూతి తుడుచుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. "చెప్పనియ్యి," అంది. "ఎనిమిదేండ్లు నాది చెప్పింది గదా."